మేనరికాల ముడి విప్పడం: పాలమూరు, నల్లగొండ కుటుంబాల వంశవృక్షం రాసేవారికి సమగ్ర మార్గదర్శి

వంశవృక్షం రాద్దామని కూర్చున్నవారు ముత్తాత పేరు పైన రాసి, కింద కొడుకులు, ఆ కింద మనవలు అంటూ దిగుతారు. దక్షిణ తెలంగాణలో చాలా కుటుంబాలకు ఈ బొమ్మ మూడో తరం దాటకముందే అడ్డం తిరుగుతుంది. అక్క కూతురిని తమ్ముడు చేసుకుని ఉంటాడు. మేనత్త కొడుక్కి అన్న కూతురిని ఇచ్చి ఉంటారు. ఒక ఇంటి అన్నాచెల్లెళ్లకూ ఇంకో ఇంటి అన్నాచెల్లెళ్లకూ కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగి ఉంటాయి. దాంతో ఒకే మనిషి ఒక వైపు తాతగా, ఇంకో వైపు ముత్తాతగా తేలతాడు. గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోతాయి, రాసేవారికి విసుగు పుడుతుంది, చివరికి ఆడవాళ్ల పేర్లు వదిలేసి మగవారి వరస మాత్రం రాసి ముగిస్తారు.

అలా ముగించిన పట్టిక పొలం పంపకాలకు పనికొస్తుందేమో గాని, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పదు. మేనరికం నడిచేదే ఆడపడుచు ద్వారా. ఆమె పుట్టిల్లు రాయకపోతే ముడి ఎక్కడ పడిందో ఎన్నటికీ తెలియదు. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి ఒక్కటే: మనిషిని ఒక్కసారే రాయాలి, పెళ్లిని విడిగా రాయాలి, ప్రతి పెళ్లికీ వధువు పుట్టింటిని తప్పక రాయాలి.

మొదటి అడుగు: రెండు పట్టీలు

పెద్ద చార్టు ఇప్పుడే కొనకండి. ఒక లాంగ్ నోటుబుక్కు చాలు. ముందు సగం మనుషుల పట్టీ, వెనక సగం పెళ్లిళ్ల పట్టీ.

మనుషుల పట్టీలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇవ్వండి. దాని ఎదురుగా అసలు పేరు, ఇంట్లో పిలిచే పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, పుట్టిన, పోయిన కాలం రాయండి. ఆ సంగతి మీకు ఎవరు చెప్పారో కూడా రాయండి. ఆ మనిషి రేపు ఇంకో కొమ్మలో మళ్లీ ఎదురైతే కొత్త సంఖ్య ఇవ్వకూడదు, పాత సంఖ్యనే వాడాలి. మిగతాదంతా ఈ ఒక్క కట్టుబాటు మీద నిలుస్తుంది.

పెళ్లిళ్ల పట్టీలో పె-1, పె-2 అని వరసగా వేసుకుంటూ వరుడి సంఖ్య, వధువు సంఖ్య, ఆమె ఏ ఊరి నుంచి వచ్చింది, పెళ్లికి ముందు ఇద్దరికీ ఉన్న వరస, వారికి పుట్టిన పిల్లల సంఖ్యలు రాయండి. పిల్లలను తండ్రి పేరు కింద కాకుండా పెళ్లి కింద రాయమనడానికి కారణం ఉంది. పెద్ద భార్యకు సంతానం కలగలేదనో, ఆమె పోయిందనో ఆమె చెల్లెలినే తెచ్చి చేసిన ఇళ్లు మన వైపు కొల్లలు. తండ్రి ఒక్కడే గాని తల్లులు ఇద్దరు. ఇద్దరి తల్లిదండ్రులూ ఒకరే కాబట్టి తేడా లేదనుకోవడం తొందరపాటు. ఏ తల్లి పిల్లలెవరో తెలియకపోతే కింది తరంలో జరిగిన మేనరికం లెక్క తప్పుతుంది.

ఎవరైనా ఒక స్త్రీకి పుట్టిల్లు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలి పక్కన ఎర్ర చుక్క పెట్టండి. మీరు తర్వాత వెతకవలసింది ముఖ్యంగా ఆ ఎర్ర చుక్కలనే.

రెండో అడుగు: పెద్దలను అడగడం

ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు అడిగితే గట్టిగా మాట్లాడేవారి కథే నోటుబుక్కులోకి వస్తుంది. ముందు ముసలమ్మలను విడివిడిగా అడగండి. మగవారు సాధారణంగా భూమి వరస చెబుతారు, ఆడవాళ్లు ఇచ్చిపుచ్చుకోవడాల వరస చెబుతారు. మీకు కావలసింది రెండోది.

ఇక్కడ వరసల పదాలు మిమ్మల్ని చాలా తిప్పలు పెడతాయి. మన వరసలే మేనరికాన్ని ముందే ఊహించి కట్టినవి. అమ్మ తమ్ముడూ మామే, మేనత్త భర్తా మామే, భార్య తండ్రీ మామే. ఈ ముగ్గురూ ముగ్గురు మనుషులు కావచ్చు, ఇద్దరు కావచ్చు, కుండమార్పిడి జరిగిన ఇంట్లో మేనరికం కూడా చేసుకుంటే ఒక్కడే కావచ్చు. అందుకే "ఆయన నీకు ఏమవుతాడు?" అని అడిగితే వచ్చే జవాబు సగమే పనికొస్తుంది. దాని బదులు పుట్టుక అడగండి:

- ఆమెను కన్నది ఎవరు? ఏ ఊళ్లో పుట్టింది?
- ఆమెకు తోబుట్టువులు ఎందరు? ఆడపిల్లలను ఏ ఊళ్లకు ఇచ్చారు?
- పోయిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?
- ఆమె పుట్టింటికి అంతకుముందు మన ఇంటి నుంచి ఎవరినైనా ఇచ్చారా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. "పాత సంబంధమే" అని జవాబు వస్తే ఆ పెళ్లికి ముందు ఇంకో పెళ్లి ఉందన్నమాట. దాన్ని పట్టుకుని ఒక మెట్టు పైకి వెళ్లండి.

పిలుపులు మాత్రం మంచి ఆధారాలు. చిన్నప్పుడు అలవాటైన పిలుపు పెళ్లయినా ఒక పట్టాన మారదు. అత్తగారిని జీవితాంతం "అమ్మమ్మా" అని పిలిచిన కోడలు ఉందంటే ఆమె మేనమామను చేసుకున్నదై ఉండటానికే అవకాశం ఎక్కువ. బావగారిని "పెద్దమామా" అని, మరిదిని "చిన్నమామా" అని పిలిచే ఇల్లు తగిలినా ఆగి అడగండి. మేనమామ ఎవరో తేలకపోతే పుట్టువెంట్రుకలు ఎవరి ఒళ్లో కూర్చోబెట్టి తీశారో, పెళ్లికూతురిని గంపలో ఎవరు తెచ్చారో అడగండి. వరస మరిచినవారికి కూడా ఆ సందడి గుర్తుంటుంది. సొంత మేనమామ లేనప్పుడు వరసకు మామ అయినవారు ఆ పని చేస్తారు కాబట్టి "సొంతమా, వరసకా?" అన్న ప్రశ్న మాత్రం నోటి చివర సిద్ధంగా ఉండాలి.

కాలం అడిగితే సంవత్సరం రాదు. సంఘటన పట్టుకోండి. పెళ్లి రజాకార్ల గొడవకు ముందా తర్వాతా అంటే 1948 సెప్టెంబరు పోలీసు చర్య ఒక గుర్తు. సాగర్ డ్యాం పని మొదలయ్యాకనా అంటే పునాదిరాయి పడింది 1955 డిసెంబరులో, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. తల్లి వయసు ప్రతి కాన్పుకూ సరిపోతున్నదో లేదో చూసుకుంటే చాలా పొరపాట్లు అక్కడే బయటపడతాయి. తరానికి పాతికేళ్లు అన్న లెక్క మాత్రం వేయకండి. మేనమామ, మేనకోడలు పెళ్లి జరిగిన ఇంట్లో తరాలు ఎగుడుదిగుడుగా నడుస్తాయి.

మూడో అడుగు: పేర్ల గజిబిజి తీర్చుకోవడం

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే ఇంట్లో మల్లయ్యలు ముగ్గురు ఉంటారు. దానికి మందు సంఖ్యలే. కొన్ని ఇళ్లలో కోడలి పేరు అత్తగారి పేరుతో కలిస్తే పిలుపు మార్చేవారు. కాబట్టి పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ రాయండి.

పేరు కొన్నిసార్లు ఊరి దిక్కు చూపుతుంది. సైదులు, సైదమ్మ, జానయ్య అన్న పేర్లు జాన్‌పహాడ్ దర్గాను కొలిచే నల్లగొండ, సూర్యాపేట ప్రాంతంలో కనిపిస్తాయి. యాదయ్య, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట, కుర్మయ్య అంటే కురుమూర్తి. పాలమూరు ఇంట్లోకి సైదమ్మ కోడలిగా వచ్చిందంటే ఎర్ర చుక్క తీయడానికి ముందు తూర్పు వైపు వెతకడం మంచిది. అయితే మొక్కుబడి ఉన్నవారు ఎక్కడున్నా ఆ పేరు పెడతారు, కాబట్టి ఇది నిరూపణ కాదు.

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదు. ఊరి పేరే ఇంటిపేరైనవారు వేర్వేరు కులాల్లోనూ ఉంటారు. ఊరు విడిచి వెళ్లినవారికి కొత్త ఊళ్లో పాత ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడటం కూడా ఉంది.

నాలుగో అడుగు: ఇంట్లోని కాగితాలు

బీరువా మీద బట్ట మూటలో ఉన్నవి ముందు దించండి. అన్నిటికంటే విలువైనది పెళ్లి చదివింపుల పుస్తకం. శుభలేఖలో ఇంటి పెద్దల పేర్లు మాత్రమే ఉంటాయి. చదివింపుల పుస్తకంలో ఎవరు ఎంత పెట్టారో ఊరి పేరుతో సహా ఉంటుంది. "పెళ్లికూతురి మేనమామ, దేవరకొండ, 116" అని ఒక్క వరస దొరికితే తల్లి పుట్టిల్లు దొరికినట్టే. వియ్యాలవారి వైపు చదివింపులు వేరే పేజీలో రాస్తారు గనుక, రెండు వైపులా కనిపించే పేరును వేలు పెట్టి గుర్తించండి. ఆ మనిషి ఇద్దరికీ బంధువు. మేనరికం ఆనవాలు కాగితం మీద ఇంత స్పష్టంగా వేరే చోట దొరకదు.

దశదిన కర్మ పత్రికల్లో కూతుళ్లు, అల్లుళ్లు, ఊళ్లు వరసగా అచ్చవుతాయి. వాటిని పారేయకుండా ఉంచుకున్న ఇల్లు తగిలితే ఫోనులో ఫొటోలు తీసుకోండి.

భాద్రపద అమావాస్యను, మన పెత్రామాసను, మరచిపోకండి. చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో ఆ రోజు పేర్లు చదువుతారు. అమ్మ వైపువారి పేర్లు కూడా చెప్పించే ఇళ్లు ఉన్నాయి. తద్దినాలు శాస్త్రోక్తంగా పెట్టే కుటుంబాల్లో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు మాతామహుడి వైపు మూడు తరాల పేర్లూ గోత్రంతో చెబుతారు. పురోహితుడు ఇంట్లో రాసి ఇచ్చిన చీటీ ఉంటే రెండు వైపులా మూడేసి తరాల గడులు ఒక్కసారే నిండుతాయి. తండ్రి వైపు ముత్తాత, తల్లి వైపు ముత్తాత ఒకే పేరై ఉంటే యాదృచ్ఛికమా, ఒకే మనిషా అని అక్కడే తేల్చుకోండి. కాశీకో గయకో వెళ్లివచ్చిన పెద్దలు ఇంట్లో ఉంటే ఏ పండా (అక్కడి తీర్థ పురోహితుడు) దగ్గర కర్మ చేయించారో అడగండి. పండాలు యజమానుల వంశావళి పుస్తకాల్లో రాసుకుంటారు.

అయిదో అడుగు: వంశం చెప్పేవారిని కలవడం

మన జిల్లాల్లో కులానికో ఆశ్రిత కళాకారుల వర్గం ఉంది. పటం కట్టి కులపురాణం చెప్పేవారు, మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఊళ్లు పంచుకుని తిరిగేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు, రెడ్లతో సహా మరికొన్ని కులాలకు పిచ్చకుంట్లవారు, అంటే ఇప్పుడు వంశరాజులుగా పిలుచుకునేవారు. లంబాడీ తండాల్లో ఢాడీలు ఉన్నారు.

వీరు చెప్పేదాన్ని రెండుగా విడదీసుకోవాలి. కులం ఎలా పుట్టిందన్న పురాణం ఒకటి, మీ ఇంటి వంశం ఇంకొకటి. మొదటిది వినడానికి గొప్పగా ఉంటుంది, మీ పట్టీలోకి రాదు. రెండోది చాలాసార్లు ఇంటిపేర్లు, గోత్రాలు, మూలగ్రామం వరకే నిలుస్తుంది, మగవారి వరసగానే నడుస్తుంది. అయినా మూలగ్రామం దొరకడం చిన్న సంగతి కాదు. ఏ ఇంటిపేర్లవారితో పొత్తు కలుస్తుందో, ఏ ఇంటిపేర్లవారు అన్నదమ్ముల వరసై పెళ్లికి పనికిరారో వీరు చెప్పగలరు. పనికిరాని ఇళ్లను తీసేస్తే తెలియని కోడలి పుట్టిల్లు వెతకవలసిన చోట్లు తగ్గుతాయి. వెళ్లేటప్పుడు సంభావన పట్టుకుని వెళ్లండి. వారి విద్యకు అది కూలి.

ఆరో అడుగు: కార్యాలయాల రికార్డులు

ముందు మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉండేదో చూసుకోవాలి. 2016 అక్టోబరులో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట వచ్చింది. షాద్‌నగర్ వైపు ఊళ్లు రంగారెడ్డిలో కలిశాయి. ఇంకా వెనక్కి వెళితే తిరకాసు పెరుగుతుంది. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956కు ముందు రాయచూరు జిల్లావి, కొడంగల్ గుల్బర్గా జిల్లాది. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా అది బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా జిల్లాకు చెందింది. మీ ముత్తాతది మునగాల వైపయితే నిజాం రికార్డుల్లో ఆయన కోసం వెతికి ప్రయోజనం లేదు.

రెవెన్యూ రికార్డుల్లో 1954-55 ఖాస్రా పహాణీ మీకు మొదటి మజిలీ. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు, సాగులో ఉన్నవారి పేరు అందులో ఉంటాయి. దానికంటే పాతది సేత్వార్, అంటే సర్వే, సెటిల్‌మెంటు అప్పుడు తయారైన భూమి రిజిస్టరు. తర్వాతి పహాణీల్లో పట్టాదారు పోయి పేరు మారిన చోట ఫౌతీ లేదా విరాసత్ (వారసత్వ మార్పిడి) కాగితం ఉండాలి. వారసుల పేర్లు ఉండేది దానిలో. తేదీలు ఫసలీలో, అంటే పాత రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటే 590 కలపండి: ఫసలీ 1364 అంటే 1954-55.

పాతవి ఉర్దూలో ఉంటాయి. చదివి పెట్టడానికి పాతకాలపు రెవెన్యూ ఉద్యోగి దొరికితే అదృష్టం, లేకపోతే ఉర్దూ బాగా వచ్చిన టీచరు. ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు, మన ళ, ణ లకు అక్షరాలు లేవు. అందుకని చదివేవారికి ముందే పేర్లు చెప్పేయకండి, చెబితే వారికి అదే కనిపిస్తుంది. వారు చదివింది రాసుకుని తర్వాత మీ పట్టీతో పోల్చండి. నిజాం కాలపు ప్రభుత్వ దస్తావేజులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

భూమి రికార్డుల్లో ఆడవారు అరుదు, అందుకే కనిపించిన చోట రెండుసార్లు చూడండి. కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలక ఆమె పేరున గాని, అల్లుడి పేరున గాని ఉంటుంది. వేరే ఇంటిపేరువాడు మీ ఊళ్లో మీ పొలం గట్టునే పట్టాదారై ఉంటే అతను ఇల్లరికపు అల్లుడా అని అడగాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరికే భాగపత్రాలు, హక్కు విడుదల పత్రాలు ఇంకా మంచివి. 1956 హిందూ వారసత్వ చట్టం తర్వాత కూతుళ్లు తమ వాటా వదులుకుంటూ సంతకాలు చేసిన పత్రాల్లో భర్త పేరు, ఊరు కూడా ఉంటాయి. అన్నకు వాటా వదిలిన చెల్లెలి కూతురు ఆ అన్న ఇంటికే కోడలై రావడం మన దగ్గర వింతేమీ కాదు, కొన్నిచోట్ల వాటా వదిలించడానికి చెప్పిన మాటే అది.

ఓటరు జాబితాలు ఇంటి నంబరు వారీగా ఉంటాయి, పెళ్లయిన స్త్రీకి భర్త పేరు, కానివారికి తండ్రి పేరు వేస్తారు. వయసులు నమ్మదగినవి కావు. బడి రిజిస్టర్లో పుట్టిన తేదీ జూన్ 1 అనో జూలై 1 అనో ఉంటే అది టీచరు వేసిన తేదీ అనుకోండి. జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు చట్టప్రకారం రహస్యం కాబట్టి ఆ తలుపు తట్టవద్దు. ముస్లిం కుటుంబాల్లో బాబాయి పిల్లలతో కూడా పెళ్లిళ్లు ఉంటాయి గనుక తండ్రి వరసలోనూ ముడులు వెతకాలి. వారికి నికానామా, ఖాజీ దగ్గరి రిజిస్టరు ప్రధాన ఆధారాలు.

శ్రీశైలం జలాశయంలో మునిగిన కొల్లాపూర్, ఆలంపూర్ వైపు ఊళ్లవారికి ఇళ్లు, సమాధులు పోయినా పరిహారం కాగితాలు మిగిలాయి. వాటిలో కుటుంబ సభ్యుల వివరాలు ఉండే అవకాశం ఉంది. నల్లగొండ వైపు పద్మశాలీలు షోలాపూర్, భివండి చేరినవారిని కూడా మరవకూడదు. మగ్గం అక్కడ, పిల్లనిచ్చింది ఇక్కడ.

ఏడో అడుగు: ముడి ఎక్కడ పడిందో లెక్కించడం

ఇప్పుడు మనుషుల పట్టీ సంఖ్యలను కదపకుండా, వేరే కాగితం మీద, ఎవరి పూర్వీకులను వెతుకుతున్నారో ఆ మనిషికి 1 వేయండి. తండ్రికి 2, తల్లికి 3. ఆపైన ఎవరి సంఖ్యనైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి, దానికి ఒకటి కలిపితే వారి తల్లి. ఇది ప్రపంచమంతా వంశకర్తలు వాడే పాత పద్ధతే. మనకు దీని లాభం వేరు: ఒకే మనిషికి రెండు సంఖ్యలు పడితే అక్కడ మేనరికం ఉన్నట్టు.

ఒక ఊహా కుటుంబం తీసుకుందాం. మల్లయ్య, ఎల్లమ్మ దంపతులకు నర్సమ్మ, రాములు, సాయిలు ముగ్గురు పిల్లలు. నర్సమ్మను బాలయ్యకు ఇచ్చారు. వారికి అంజమ్మ, కిష్టయ్య. అంజమ్మను మేనమామ సాయిలుకే ఇచ్చారు, వారి కొడుకు వెంకటయ్య. కిష్టయ్యకు మేనమామ రాములు కూతురు లక్ష్మమ్మను చేశారు, వారి కూతురు పద్మ. వెంకటయ్యకు పద్మను ఇచ్చారు. తల్లి వైపు చూస్తే ఆమె మేనమామ కూతురు. తండ్రి వైపు చూస్తే పెదనాన్న కూతురైన లక్ష్మమ్మ అక్క అవుతుంది కాబట్టి ఆమె అక్క కూతురు. రెండు వైపులా వరస కుదిరింది, పెద్దలు సంతోషంగా ముడివేశారు.

వెంకటయ్య, పద్మల బిడ్డకు 1 వేసి పైకి వెళ్లండి. వెంకటయ్య 2, పద్మ 3. సాయిలు 4, అంజమ్మ 5, కిష్టయ్య 6, లక్ష్మమ్మ 7. సాయిలు తండ్రి మల్లయ్యకు 8. అంజమ్మ, కిష్టయ్య తోబుట్టువులు కాబట్టి బాలయ్యకు 10, 12 రెండూ, నర్సమ్మకు 11, 13 రెండూ. నర్సమ్మకు రెండు సంఖ్యలున్నాయి గనుక ఆమె తండ్రికి 22, 26. రాములు 14, ఆయన తండ్రికి 28. అంటే మల్లయ్య ఒక్కడికే 8, 22, 26, 28 అని నాలుగు సంఖ్యలు. ఎల్లమ్మకు 9, 23, 27, 29. ఆ బిడ్డకు మల్లయ్య ఒక దారిలో ముత్తాత, మిగతా మూడు దారుల్లో ముత్తాతకు తండ్రి స్థానంలో ఉన్నవాడు. నాలుగు తరాల్లో 30 గడులు నిండాయి గాని మనుషులు 20 మందే.

రక్తసంబంధం ఎంత దగ్గరిదో కూడా లెక్క కట్టవచ్చు. సీవల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త 1922లో ప్రచురించిన పద్ధతి ఇది. తండ్రి నుంచి మొదలుపెట్టి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి, అక్కడి నుంచి తల్లి దాకా దిగండి. ఒక దారిలో ఏ మనిషీ రెండుసార్లు రాకూడదు. తండ్రి, తల్లితో కలిపి దారిలో ఎందరున్నారో లెక్కించి, ఒకటిని అన్నిసార్లు సగం చేయండి. అన్ని దారులనూ కలపండి. పూర్వీకుల్లో ఎవరైనా తామే మేనరికపు బిడ్డ అయితే లెక్కలో ఇంకో సవరణ ఉంటుంది, మన ఉదాహరణలో అది అవసరం లేదు.

వెంకటయ్య, అంజమ్మ, బాలయ్య, కిష్టయ్య, పద్మ: అయిదుగురు, కాబట్టి 1/32. నర్సమ్మ మీదుగా ఇంకో 1/32. కలిపితే 4/64. వెంకటయ్య, సాయిలు, మల్లయ్య, రాములు, లక్ష్మమ్మ, పద్మ: ఆరుగురు, ఎల్లమ్మ దారితో కలిపి 2/64. వెంకటయ్య, సాయిలు, మల్లయ్య, నర్సమ్మ, కిష్టయ్య, పద్మ: అదీ 2/64. వెంకటయ్య, అంజమ్మ, నర్సమ్మ, మల్లయ్య, రాములు, లక్ష్మమ్మ, పద్మ: ఏడుగురు, ఎల్లమ్మతో కలిపి 1/64. మొత్తం 9/64.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే పోల్చి చూడండి. మామూలు బావామరదళ్ల బిడ్డకు ఈ లెక్క 1/16, మేనమామ మేనకోడళ్ల బిడ్డకు 1/8. కుండమార్పిడి జంటల పిల్లలు మళ్లీ తమలో తాము చేసుకుంటే వారి బిడ్డకూ 1/8. వెంకటయ్య, పద్మలను ఊరంతా బావామరదళ్లనే అంటుంది, కాగితం మాత్రం మేనమామ సంబంధం కంటే దగ్గరని చెబుతుంది. పాత పెళ్లిళ్లు కలిసిన కొద్దీ పైకి కనిపించే వరస అసలు దగ్గరితనాన్ని దాచేస్తుంది. ఒక్క తరం చూసి "మేనరికమే కదా" అనేవారికి ఈ పట్టిక చూపించండి.

కంప్యూటర్ మీద చేసేవారికి గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, తెలుగులో పేర్లు తీసుకుంటుంది, ఇద్దరి మధ్య సంబంధాన్ని వెతికి చెబుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా గెడ్‌కామ్ ఫైలుగా (వేరే వంశవృక్ష సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే ఫైలు) దించుకునే వీలుందో లేదో ముందే చూడండి.

ఎనిమిదో అడుగు: దత్తత, ఇల్లరికం, రాయని సంగతులు

కొడుకులు లేనివారు కూతురి కొడుకునో అన్న కొడుకునో పెంచుకుంటారు. దత్తత పోయినవాడికి ఇంటిపేరు, గోత్రం మారతాయి గాని రక్తం మారదు. నిండు గీతతో కన్నవారిని, చుక్కల గీతతో దత్తత తీసుకున్నవారిని కలపండి. పేరుకు తండ్రి, రక్తానికి తాత అయినవాడు ఇలాంటి చోట్లే ఉంటాడు. పై లెక్క ఎప్పుడూ నిండు గీతల మీదే వేయాలి.

కొన్ని గడులు నిండవు, నింపాలని పట్టుబట్టనూ కూడదు. పాలమూరు పడమటి మండలాల్లో ఆడపిల్లను దేవుడి పేరున విడిచే జోగినీ ఆచారం ఉన్న కాలంలో తండ్రి పేరు లేకుండా పెరిగినవారి వంశం తల్లి వరసలో రాయండి, అది పూర్తి వంశమే. ఎవరో గుసగుసగా చెప్పిన తండ్రి పేరును పట్టీలో వేసే హక్కు మనకు లేదు.

తొమ్మిదో అడుగు: వైద్యుడికి, డీఎన్‌ఏ పరీక్షకు

పిల్లల్లో పుట్టు చెవుడు, తలసీమియా వంటివి కనిపించిన కుటుంబమైతే ఈ పట్టీ నుంచి మూడు నాలుగు తరాలు వేరే కాగితం మీద గీసి వైద్యుడికి ఇవ్వండి. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, మామూలు పెళ్లికి ఒక గీత, రక్తసంబంధంలో పెళ్లికి జంట గీత. జబ్బు ఉన్నవారి గుర్తును నల్లగా నింపాలి. చిన్నతనంలోనే పోయినవారిని వదలకండి, వైద్యుడికి వారే ముఖ్యం. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది.

మేనరికం లేకపోయినా ఒకే కులంలో తరతరాలుగా చేసుకున్నవారికి ఉమ్మడి పూర్వీకులు ఉంటారు. ఆర్యవైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సప్పుడు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుకంటే ఎక్కువసేపు నిలవడం అలాంటి వారసత్వమే. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పంచుకున్న జన్యుభాగాలు పలు దారుల్లో వచ్చి కలవడం వల్ల నివేదికలో "మూడో తరం బంధువు" అని వచ్చినవారు అసలు అయిదో తరం బంధువై ఉండవచ్చు. నివేదికను బట్టి పట్టీ మార్చకండి, పట్టీని బట్టి నివేదిక చదవండి.

అచ్చు వేయించేటప్పుడు

అన్ని వరసలూ నిండిన తర్వాతే పెద్ద బొమ్మ. మళ్లీ మళ్లీ వచ్చే మనిషిని ఒక్కచోటే పూర్తిగా వేసి, మిగతా చోట్ల చిన్న గడిలో అతని పట్టీ సంఖ్య మాత్రం వేయండి. గీతను అక్కడి దాకా లాగాలని చూస్తే బొమ్మ సాలెగూడవుతుంది. బతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, ఫోను నంబర్లు, జబ్బుల వివరాలు, ఎనిమిదో అడుగులో చెప్పిన రహస్యాలు అచ్చులోకి రాకూడదు. పెళ్లిలోనో పెద్దల పండుగకో ఫ్లెక్సీ కట్టేవారు మొదట మామూలు కాగితం మీద తీసిన ప్రతిని ముసలమ్మలకు చూపించండి. కళ్లజోడు సవరించుకుని, "ఈమెను మిర్యాలగూడ ఇవ్వలేదు, హుజూర్‌నగర్ ఇచ్చారు" అని వారు వేలు పెట్టే చోట్లు అచ్చు కంటే ముందే తెలియాలి. ఫ్లెక్సీ కింద కుడి మూల ఒక జానెడు ఖాళీ వదిలించండి, పండుగకు వచ్చిన చుట్టాలు దిద్దుబాట్లు అక్కడే స్కెచ్ పెన్నుతో రాస్తారు.